మందు మొదలైన మూడు నెలలు

(పేషెంట్ల కుటుంబ సభ్యుల కోసం ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన కార్యక్రమంలో ఒక నర్సు చేసిన ప్రసంగ పాఠం)



హెచ్.ఐ.వి. ఉన్న మనిషికి మందు గురించి ఆసుపత్రిలో డాక్టరు గారు, కౌన్సెలర్ చెబుతారు. కానీ ఆ మనిషి ఆసుపత్రిలో ఉండేది అరపూట. మిగిలిన నెలంతా మీ ఇంట్లోనే ఉంటాడు. రాత్రి జ్వరం వస్తే చూసేది మీరు. అన్నం సహించకపోతే బాధపడేది మీరు. "ఈ మాత్రలు పడలేదు, మానేయ్" అన్నా, "ఇంకొక్క నెల ఓర్చుకో నాయనా" అన్నా ఆ మాట మీ నోటి నుండే వస్తుంది. అందుకే ఈ రోజు మీతో మాట్లాడాలనుకున్నాను.

నేను చెప్పదలచుకున్న విషయం ఒక్కటే. ఎ.ఆర్.టి. మందు మొదలుపెట్టిన తరువాత ఒంట్లో రెండు పనులు జరుగుతాయి. ఒకటి, వైరస్ తగ్గడం. రెండు, ఆ వైరస్ వల్ల రేగిన లోపలి మంట తగ్గడం. మొదటిది త్వరగా జరుగుతుంది. రెండవది నెమ్మదిగా జరుగుతుంది. కొందరిలో ఆ మంట తగ్గే ముందు ఒకసారి పైకి లేస్తుంది కూడా. ఈ తేడా తెలియక, సరిగ్గా మందు పనిచేస్తున్న రోజుల్లోనే మందు మానేసిన కుటుంబాలు ఉన్నాయి. అలా మీ ఇంట్లో జరగకూడదు.

ఒంట్లో జరిగేది ఏమిటి?

మన రక్తంలో తెల్ల రక్తకణాలు ఉంటాయి. వాటిలో సి.డి.4 అనే కణాలు మేస్త్రీల వంటివి. ఏ క్రిమి లోపలికి వచ్చినా మిగిలిన కణాలకు పని పురమాయించేది ఇవే. హెచ్.ఐ.వి. వైరస్ నేరుగా ఈ మేస్త్రీల మీదనే పడుతుంది. ఆ కణంలోకి దూరి, దానిచేతనే తన పిల్ల వైరస్‌లను తయారు చేయించుకుని, చివరకు దాన్ని చంపుతుంది. మందు వాడని మనిషి ఒంట్లో రోజుకు సుమారు వెయ్యి కోట్ల కొత్త వైరస్‌లు పుడతాయని శాస్త్రజ్ఞులు 1990లలోనే లెక్కకట్టారు.

ఇన్ని వైరస్‌లు తిరుగుతుంటే మన శరీరం ఊరికే ఉండదు. రాత్రింబగళ్లు పోరాడుతూనే ఉంటుంది. ఈ పోరాటం వల్ల శరీరం లోపల పుట్టే వేడినే డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. నేను దాన్ని లోపలి మంట అంటాను. ఇది కడుపులో మంట, కాళ్ల మంట లాగా మనకు తెలిసేది కాదు. కాలికి ముల్లు గుచ్చుకుంటే చుట్టూ ఎర్రబడి, వేడెక్కి, వాస్తుంది కదా. అటువంటిదే కంటికి కనబడకుండా ఒళ్లంతా జరుగుతూ ఉంటుంది అనుకోండి. ముల్లు తీసేస్తే కాలి వాపు నాలుగు రోజుల్లో పోతుంది. హెచ్.ఐ.వి. మంట మందు లేకుండా ఏళ్ల తరబడి ఆరదు.

దీనికి ఇంకొక కారణం కూడా ఉంది. సి.డి.4 కణాలు ఎక్కువగా ఉండే చోటు మన పేగుల గోడ. హెచ్.ఐ.వి. వచ్చిన తొలి వారాల్లోనే ఆ గోడ దెబ్బతింటుంది. పగిలిన కుంట కట్టలోంచి నీరు జారినట్టు, పేగుల్లో ఉండవలసిన బాక్టీరియా ముక్కలు రక్తంలోకి జారుతాయి. వాటిని చూసి శరీరం మళ్లీ పోరాటం మొదలుపెడుతుంది. మంట ఇంకా పెరుగుతుంది.

ఈ లోపలి మంట రక్తనాళాలను, గుండెను, కిడ్నీలను, ఎముకలను పాడు చేస్తుంది. హెచ్.ఐ.వి. ఉన్నవారికి గుండెపోటు, పక్షవాతం, కొన్ని రకాల క్యాన్సర్లు వచ్చే అవకాశం ఎక్కువగా ఉండటానికి ఇది ఒక ముఖ్య కారణం. కోవిడ్ రోజుల్లో సి.ఆర్.పి., డి-డైమర్ అనే రక్త పరీక్షల పేర్లు మీరందరూ విన్నారు. అవి ఈ మంటను సూచించే పరీక్షలే. హెచ్.ఐ.వి. పేషెంట్లకు ఎ.ఆర్.టి. సెంటర్లలో వాటిని ప్రతిసారీ చేయరు, చేయనవసరం కూడా లేదు. వైరల్ లోడ్, సి.డి.4 పరీక్షలు మనకు దారి చూపిస్తాయి.

వైరస్ ఎంత త్వరగా తగ్గుతుంది?

వైరల్ లోడ్ అంటే ఒక మిల్లీలీటరు రక్తంలో ఎన్ని వైరస్‌లు ఉన్నాయో చూపే లెక్క. మందు లేనప్పుడు అది వేలల్లో, లక్షల్లో ఉంటుంది. మందు మొదలుపెట్టగానే కొత్త వైరస్‌లు పుట్టడం ఆగిపోతుంది. పాతవి, అవి దూరిన కణాలు కొద్ది రోజుల్లోనే చాలావరకు చచ్చిపోతాయి. అందుకే మొదటి రెండు వారాల్లోనే లెక్క ఒక్కసారిగా పడిపోతుంది.

మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఎ.ఆర్.టి. ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలయింది. వ్యాధి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లోను, ఢిల్లీలోను ఆ కార్యక్రమం పెట్టారు. ఆ ఆరింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ రోజుల్లో చాలామందికి స్టావుడిన్, లామివుడిన్, నెవిరపిన్ కలిసిన మాత్రలు పూటకొకటి చొప్పున రోజుకు రెండు ఇచ్చేవారు. ప్రాణాలు నిలిచాయి గాని బుగ్గలు లోపలికి పోవడం, కాళ్లు తిమ్మిరెక్కి మండటం జరిగేవి. కొందరికి ఒళ్లంతా దద్దుర్లు వచ్చేవి. స్టావుడిన్‌ను వదిలేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సలహా ఇచ్చింది. తరువాత టెనోఫోవిర్, లామివుడిన్, ఎఫావిరెంజ్ కలిసిన ఒకే మాత్ర వచ్చింది. రాత్రి వేసుకుంటే తల తిరగడం, పీడకలలు అని కొందరు బాధపడేవారు. ఇప్పుడు ఎఫావిరెంజ్ స్థానంలో డొలుటెగ్రావిర్ వచ్చింది. 2021 జాతీయ మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లలో చాలామందికి మొదట ఇచ్చేది టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రావిర్ కలిసిన మాత్రే. రోజుకు ఒక్కటి.

డొలుటెగ్రావిర్‌కు, ఎఫావిరెంజ్‌కు తేడా ఎంత అని పరిశోధకులు పోల్చి చూశారు. 2013లో ప్రచురించిన ఒక పెద్ద పరిశోధనలో, ఆ రెండింటిలో ఒకదానితో పాటు వేరే తోడు మందులు కూడా ఇచ్చారు. వైరల్ లోడ్ 50 కన్నా తక్కువకు రావడానికి డొలుటెగ్రావిర్ వాడినవారిలో సగం మందికి 28 రోజులు సరిపోయింది. ఎఫావిరెంజ్ వాడినవారిలో సగం మంది అక్కడికి చేరడానికి 84 రోజులు పట్టింది. ఏడాది దగ్గరకు వచ్చేసరికి మొదటి గుంపులో నూటికి 88 మంది, రెండవ గుంపులో నూటికి 81 మంది 50 కన్నా తక్కువలో ఉన్నారు. అంటే కొత్త మందు వేగంగా పనిచేస్తుంది. పాత మందు కూడా సరిగా వేసుకున్నవారికి పని చేసింది. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి. మంచి మందు దొరికింది కదా అని అశ్రద్ధ వద్దు. ఫలానావారికి వేరే మాత్ర ఇచ్చారు, మాకెందుకు ఇవ్వలేదని దిగులూ వద్దు. కిడ్నీ ఎలా ఉంది, రక్తం ఎంత ఉంది, క్షయ ఉందా అని చూసి డాక్టరు మందు నిర్ణయిస్తారు.

లోపలి మంట ఎందుకు నెమ్మదిగా తగ్గుతుంది?

మన పొలాల్లో వేరుశనగ కట్టె వామికి నిప్పు అంటుకుంటే ఏం చేస్తాం? బిందెలతో, ట్యాంకరుతో నీళ్లు పోస్తాం. పై మంట గంటలో ఆరిపోతుంది. కానీ వామి అడుగున నిప్పు ఉంటుంది. తెల్లారాక కట్టెపుల్లతో కదిపితే పొగ వస్తుంది. వైరస్ తగ్గడం పై మంట ఆరడం వంటిది. ఇన్‌ఫ్లమేషన్ తగ్గడం అడుగు నిప్పు చల్లారడం వంటిది.

మందు మొదలైన మొదటి సంవత్సరంలో ఈ మంట బాగా తగ్గుతుంది. అయితే హెచ్.ఐ.వి. లేని మనిషి ఒంట్లో ఉన్నంత తక్కువకు చాలామందిలో రాదు. ఎందుకంటే కొన్ని కణాల్లో వైరస్ నిద్రపోతున్నట్టు దాక్కుని ఉంటుంది. మందు దాన్ని బయటకు రానివ్వదు గాని, దాక్కున్నదాన్ని చంపలేదు. పేగుల గోడ కూడా పూర్తిగా మునుపటిలా బాగుపడదు. మొదట ఏ మందుతో మొదలుపెడితే మంట ఎక్కువ తగ్గుతుందని కూడా చాలా పరిశోధనలు జరిగాయి. మందుకూ మందుకూ మధ్య కనిపించిన తేడాలు చిన్నవి. ఏ ఒక్క మందూ మంటను పూర్తిగా ఆర్పలేదు. అసలు తేడా తెచ్చేవి రెండు విషయాలు: ఎంత త్వరగా మొదలుపెట్టారు, ఎంత విడవకుండా వేసుకున్నారు.

త్వరగా మొదలుపెట్టడం గురించి ఒక సంగతి చెబుతాను. 2004లో సి.డి.4 లెక్క 200 కన్నా తగ్గేవరకు ఆగి, అప్పుడు మందు ఇచ్చేవారు. తరువాత ఆ గీటు 350కి, 500కి పెరిగింది. 2015లో 35 దేశాల్లో 4,685 మందితో చేసిన స్టార్ట్ అనే పరిశోధన ఫలితం వచ్చింది. సి.డి.4 500 పైన ఉండగానే మందు మొదలుపెట్టిన వారిలో పెద్ద జబ్బులు, మరణాలు, ఆగి మొదలుపెట్టిన వారికంటే నూటికి 57 వంతులు తక్కువగా ఉన్నాయి. అలా తగ్గిన జబ్బులలో క్షయ కూడా ఉంది. 2017 నుండి మన దేశంలో సి.డి.4 ఎంత ఉన్నా, హెచ్.ఐ.వి. తేలిన ప్రతి ఒక్కరికీ మందు ఇస్తున్నారు. "మా అబ్బాయి దున్నపోతులా ఉన్నాడు, వాడికి ఇప్పుడే మందెందుకు?" అని అడిగే తల్లులకు నా జవాబు ఇదే. అమ్మా, అడుగున నిప్పు అంటుకుని ఉంది. వామి మొత్తం అంటుకునేదాకా ఆగవద్దు.

మొదటి నెలల్లో జబ్బు ముదిరినట్టు కనిపిస్తే

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. సి.డి.4 బాగా పడిపోయి, ముఖ్యంగా 50, 100 లోపు ఉన్నప్పుడు మందు మొదలుపెట్టిన వారిలో, మొదటి కొన్ని వారాల నుండి మూడు నెలల లోపు, కొందరికి జ్వరం తిరగబెడుతుంది. మెడ దగ్గర, చంకలో గడ్డలు లేస్తాయి. దగ్గు, ఆయాసం పెరుగుతాయి. ఇంట్లోవారికి సహజంగానే అనుమానం వస్తుంది: మందు వేయకముందే మేలు కదా, మందే ఈ జబ్బు తెచ్చింది.

జరిగేది వేరు. మనిషి బలహీనంగా ఉన్నప్పుడు క్షయ వంటి క్రిములు లోపల దాక్కుని ఉంటాయి. వాటితో పోరాడే శక్తి లేక శరీరం ఊరకుంటుంది. పోరాటం లేదు కాబట్టి జ్వరమూ పెద్దగా ఉండదు. మందు వల్ల వైరస్ తగ్గి, సి.డి.4 కణాలు తిరిగి లేవగానే శరీరం ఆ క్రిములను గుర్తుపట్టి ఒక్కసారిగా మీద పడుతుంది. ఆ పోరాటంలో లోపలి మంట లేస్తుంది. గడ్డలు, జ్వరం ఆ మంట గుర్తులు. డాక్టర్లు దీన్ని ఐరిస్ అంటారు. రోగనిరోధక శక్తి తిరిగి వస్తున్నప్పుడు కలిగే ఇబ్బంది అని దాని అర్థం. ఇది ప్రమాదం కావచ్చు, అశ్రద్ధ చేయకూడదు. కానీ దానికి చేయవలసింది మందు ఆపడం కాదు, ఆసుపత్రికి రావడం.

మూడేళ్ల కిందటి సంగతి. ఊరు పేరు, మనిషి పేరు చెప్పను. సి.డి.4 41 ఉన్న ఒక యువకుడికి మందు మొదలయింది. మూడవ వారంలో మెడ మీద నిమ్మకాయంత గడ్డ, సాయంత్రం పూట జ్వరం. వాళ్లమ్మ మందు డబ్బా తీసి అటక మీద పెట్టేసింది. గడ్డకు పసరు కట్టు కట్టించింది. నాలుగు రోజులు గడిచాయి. ఐదవ రోజు భార్య ఆ డబ్బా కొంగులో చుట్టుకుని భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. "సిస్టరమ్మా, మా అత్త తప్పేం లేదు, ఆయమ్మకు కొడుకంటే ప్రాణం" అంది. పరీక్ష చేస్తే క్షయ గడ్డ అని తేలింది. క్షయ మందులు మొదలుపెట్టారు. హెచ్.ఐ.వి. మందు కొనసాగించారు. క్షయకు వాడే రిఫాంపిసిన్ అనే మందు డొలుటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి, పన్నెండు గంటల తరువాత ఇంకొక డొలుటెగ్రావిర్ మాత్ర అదనంగా ఇచ్చారు. ఆరు నెలలకు వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడలేదు. ఇప్పుడు మందు టైము గుర్తు చేసేది వాళ్లమ్మే.

ఆ తల్లి చేసినది ప్రేమతోనే. ఇలా జరగవచ్చని ముందే చెప్పే మనిషి ఆమెకు ఉండాల్సింది. అందుకే ఇది మీకు ముందే చెబుతున్నాను.

ఇంకొక విషయం. క్షయ ఉన్నట్టు ముందే తెలిస్తే డాక్టరు మొదట క్షయ మందు మొదలుపెట్టి, రెండు వారాల నుండి రెండు నెలల లోపు హెచ్.ఐ.వి. మందు ఇస్తారు. మెదడు పొరలకు ఫంగస్ లేదా క్షయ పట్టినట్టయితే ఇంకొన్ని వారాలు ఆగమంటారు. ఇది నిర్లక్ష్యం కాదు. ఆ మంట ఒక్కసారిగా లేవకుండా ముందు జాగ్రత్త. కాబట్టి మందు ఇచ్చే ముందు దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉన్నాయా అని అడిగితే దాచకండి. "ఏమీ లేదు" అని చెప్పి త్వరగా మందు తీసుకుపోదామని చూస్తే నష్టపోయేది మనమే.

వెంటనే ఆసుపత్రికి తీసుకురావలసిన గుర్తులు

మొదటి మూడు నెలల్లో ఈ కింది వాటిలో ఏది కనిపించినా తరువాతి తారీఖు కోసం ఆగవద్దు:

1. రెండు మూడు రోజులకు మించి జ్వరం, కొత్తగా గడ్డలు.
2. ఆయాసం, దగ్గు పెరగడం.
3. విపరీతమైన తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం, మాట తడబడటం, ఫిట్స్.
4. చూపు మసకబారడం.
5. ఒళ్లంతా దద్దుర్లు, నోట్లో పుండ్లు, కళ్లు పచ్చబడటం.
6. మూత్రం బాగా తగ్గడం, కాళ్ల వాపు.

ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గర ఇంజెక్షన్ వేయించడం, మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ మాత్రలు కొని వేయడం చేయవద్దు. ఐరిస్‌కు కొన్నిసార్లు డాక్టర్లే స్టెరాయిడ్ ఇస్తారు. కానీ క్షయ ఉందో లేదో చూడకుండా అది వేస్తే జ్వరం తగ్గినట్టు కనిపించి క్రిమి లోపల పెరుగుతుంది.

మొదటి వారాల్లో వికారం, నిద్ర సరిగా పట్టకపోవడం, కొద్దిగా తలనొప్పి చాలామందికి ఉంటాయి. అవి క్రమంగా తగ్గుతాయి. రాత్రి నిద్ర పట్టకపోతే మాత్ర ఉదయం పూటకు మార్చవచ్చేమో కౌన్సెలర్‌ను అడగండి. మీ అంతట మీరు మానవద్దు.

"బాగయ్యాడు కదా, మానేస్తే ఏం?"

ఆరు నెలలు గడుస్తాయి. బరువు పెరుగుతుంది, ముఖం కళ పడుతుంది. వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడలేదని వస్తుంది. అప్పుడు ఇంకొక ప్రమాదం మొదలవుతుంది. జబ్బు పోయిందని అనుకోవడం. వైరస్ పోలేదు, దాక్కుంది.

అప్పుడప్పుడు మందు ఆపి విశ్రాంతి ఇస్తే మేలేమోనని డాక్టర్లే ఒకప్పుడు అనుకున్నారు. అది తేల్చడానికి స్మార్ట్ అనే పరిశోధన చేశారు. అందులో 5,472 మంది ఉన్నారు. కొందరు మందు విడవకుండా వాడారు. కొందరు సి.డి.4 బాగా ఉన్నప్పుడు ఆపి, తగ్గినప్పుడు మళ్లీ మొదలుపెట్టారు. 2006లో వచ్చిన ఫలితం స్పష్టంగా ఉంది. ఆపి ఆపి వాడినవారిలో హెచ్.ఐ.వి. జబ్బులు లేదా మరణం రెండున్నర రెట్లు ఎక్కువ. గుండె, కిడ్నీ, కాలేయం జబ్బులు కూడా ఎక్కువయ్యాయి. మందు ఆపిన ఒక్క నెలలోనే డి-డైమర్ వంటి మంట గుర్తులు పైకి లేచాయి. అడుగు నిప్పు అంటే ఇదే. గాలి తగిలితే చాలు, లేస్తుంది.

పైగా మందు ఆపుతూ, వేస్తూ ఉంటే వైరస్ ఆ మందుకు అలవాటు పడి లొంగదు. అప్పుడు రెండవ వరుస మందులకు వెళ్లాలి.

మన ప్రాంతంలో మందు ఆగడానికి పెద్ద కారణం అశ్రద్ధ కాదని నాకు తెలుసు. వాన రాదు, వేరుశనగ పోతుంది, కుటుంబం బెంగుళూరుకో, ఇంకెక్కడికో పనికి పోతుంది. మందు డబ్బా ఇక్కడ, మనిషి అక్కడ. దీనికి దారి ఉంది. నిలకడగా ఉన్నవారికి ఒకేసారి రెండు మూడు నెలల మందు ఇచ్చే వీలుంది, అడగండి. ఎక్కువ కాలం పోయేవారు అక్కడి ఎ.ఆర్.టి. సెంటర్‌కు ట్రాన్స్‌ఫర్ రాయించుకోవచ్చు. గ్రీన్ బుక్ మాత్రం ఎప్పుడూ వెంట ఉండాలి. మందు అయిపోతే ఆ బుక్కుతో దేశంలో ఏ ఎ.ఆర్.టి. సెంటర్‌కు వెళ్లినా దారి చూపిస్తారు. అయిపోయాక కాదు, ఇంకా పది మాత్రలు ఉండగానే వెళ్లండి.

మన జిల్లా నేర్పిన పాఠం

ఈ జబ్బు ఎక్కడో పట్నాల్లో ఉండేదని, మన పల్లెల్లో లేదని ఒకప్పుడు అనుకునేవారు. మన కళ్యాణదుర్గం లాంటి కరువు సీమలో వేలమంది మందు మీద బతుకుతున్నారు. 1969 నుండి ఈ జిల్లాలో పనిచేస్తున్న ఆర్.డి.టి. సంస్థవారి బత్తలపల్లి ఆసుపత్రి డాక్టర్లు తమ దగ్గరకు వచ్చిన హెచ్.ఐ.వి. పేషెంట్ల వివరాలను ఏళ్ల తరబడి నమోదు చేశారు. 2012లో వారు ప్రచురించిన ఒక వ్యాసంలో 11,040 మంది లెక్క ఉంది. బత్తలపల్లి 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గాని, ఆ లెక్కల నాటికి అంతా ఒకే అనంతపురం జిల్లా. ఆలస్యంగా, సి.డి.4 పడిపోయాక వచ్చినవారు చాలామంది ఉండటం వల్ల, ఎవరు ఎందుకు ఆలస్యంగా వస్తున్నారనే దాని మీద ప్రత్యేకంగా ఇంకొక పరిశోధన కూడా చేశారు.

ఆలస్యంగా వచ్చినవారికే క్షయ ఎక్కువ, ఐరిస్ ఎక్కువ, మొదటి నెలల్లో ప్రాణాపాయం ఎక్కువ. కాబట్టి ఇంట్లో ఒకరికి హెచ్.ఐ.వి. ఉందని తెలిస్తే, భార్య లేదా భర్త, పిల్లలు వెంటనే పరీక్ష చేయించుకోవాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే తెలుసుకుంటే ఈ మూడు నెలల గండం చాలావరకు తప్పుతుంది.

ఇంట్లో మీరు చేయవలసినవి

ఒకటి, మాత్ర రోజూ ఒకే వేళకు. రాత్రి అన్నం తిన్నాక అనుకుంటే రోజూ అప్పుడే. మరచిపోతే గుర్తుకు వచ్చిన వెంటనే వేయండి. మరునాడు రెండు కలిపి వేయవద్దు. నెలలో 30 మాత్రలకు 30 వేయడమే లెక్క.

రెండు, ఐరన్, కాల్షియం మాత్రలు, గ్యాస్ట్రిక్‌కు తాగే తెల్ల మందు డొలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనీయవు. హెచ్.ఐ.వి. మాత్ర వేసుకున్నాక కనీసం రెండు గంటలు ఆగి వాటిని వేసుకోవాలి. అవే ముందు వేసుకుంటే ఆరు గంటలు ఆగాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవారు డాక్టరుకు తప్పక చెప్పాలి. దాని మోతాదు చూసుకోవాలి.

మూడు, బీడీ, సిగరెట్, సారా మాన్పించండి. వైరస్‌ను మాత్ర చూసుకుంటుంది. మిగిలిన మంటను పొగ రాజేస్తుంది. బి.పి., షుగరు, కొలెస్ట్రాల్ ఉంటే వాటికీ మందు వాడాలి. గుండె ప్రమాదం తక్కువగా లేదా ఒక మోస్తరుగా ఉన్న నలభై దాటినవారికి కూడా కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు మేలు చేస్తుందని 2023లో వచ్చిన పెద్ద పరిశోధన చూపింది. అది ఎవరికి అవసరమో డాక్టరు చెబుతారు.

నాలుగు, తిండి విషయంలో ఖరీదైన టానిక్కులు అక్కరలేదు. రాగి సంగటి, జొన్న రొట్టె, పప్పు, ఆకుకూర, శనక్కాయలు, వీలైతే గుడ్డు. కాచి చల్లార్చిన నీళ్లు. మందు పనిచేస్తుంటే ఆకలి తిరిగి వస్తుంది. ఆ సమయంలో అన్నం పెట్టే చేయి వెనక్కి పోకూడదు.

ఐదు, వైరల్ లోడ్ పరీక్ష తప్పించవద్దు. మొదటి పరీక్ష ఆరు నెలలకు, రెండవది ఏడాదికి, తరువాత ఏడాదికి ఒకసారి. ఇది ఉచితం. లెక్క 1000 దాటి వస్తే తిట్టకండి. మాత్రలు ఎక్కడ తప్పాయో కూర్చుని కనుక్కోండి. మూడు నెలలు సరిగా వేసుకున్నాక మళ్లీ పరీక్ష చేస్తారు.

ఆరు, వేరు కంచం, వేరు మంచం వద్దు. కలిసి తింటే, తాకితే, ఒకే బాత్‌రూం వాడితే ఇది అంటదు. 2011లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన, మందు త్వరగా మొదలుపెడితే జీవిత భాగస్వామికి హెచ్.ఐ.వి. అంటుకోవడం నూటికి 96 వంతులు తగ్గుతుందని చూపింది. అందులో మన పక్కనున్న చెన్నై, పుణె దంపతులు కూడా పాల్గొన్నారు. తరువాతి పరిశోధనల్లో, వైరల్ లోడ్ కనబడనంత తక్కువగా నిలిచినవారి నుండి కలయిక ద్వారా భాగస్వామికి ఒక్కరికీ అంటలేదు. అంటే ఆ ఒక్క మాత్ర మింగేది ఒకరైనా కాపాడేది ఇద్దరిని.

ఏడు, విషయం ఎవరికి చెప్పాలో నిర్ణయించేది పేషెంటు. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్న చట్టం ప్రకారం హెచ్.ఐ.వి. ఉందని పనిలోంచి, బడిలోంచి, ఆసుపత్రిలోంచి పంపేయడం నేరుగా చట్టానికి విరుద్ధం. సందేహం ఉంటే 1097 నంబరుకు ఫోన్ చేయండి, డబ్బు పడదు.

చివరగా ఒక్క మాట

మందు మొదలైన నాటి నుండి ఒక క్యాలెండరు గోడకు తగిలించండి. మాత్ర వేసిన ప్రతి రోజూ ఒక గీత పెట్టండి. చదువు రానివారు కూడా గీత పెట్టగలరు. మొదటి నెల గీతల్లో వైరస్ పడిపోతుంది. మూడు నెలల గీతల్లో ప్రమాదం చాలావరకు దాటుతుంది. ఏడాది గీతల్లో లోపలి మంట బాగా తగ్గుతుంది. మధ్యలో ఏ రోజు భయం వేసినా, డబ్బా అటక మీద పెట్టకండి. డబ్బానూ మనిషినీ ఇద్దరినీ వెంటబెట్టుకుని ఆసుపత్రికి రండి. మీకు కావలసినవారిని బాగు చేయడంలో సగం పని మందుది, సగం పని మీది.

ఇప్పుడు మీ సందేహాలు అడగండి. అందరి ముందు అడగలేనివి ఉంటే, కార్యక్రమం అయ్యాక నా దగ్గరకు వచ్చి అడగండి.